మెయిల్ పోయిందా? అకౌంట్ పోనివ్వకండి!

మీ ల్యాప్‌టాప్ ఏ మెయిల్ ఐడీతో లాగిన్ అయి ఉందో ఠక్కున చెప్పగలరా? పాస్‌వర్డ్ కాదు, పిన్ కాదు... మెయిల్ ఐడీ. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్లిపోతాం. వేలిముద్రతో తెరుచుకునేదైతే అదీ అక్కర్లేదు. వెనకాల ఏ మెయిల్ ఉందో, అది ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోవాల్సిన అవసరం రాదు. వచ్చిన రోజు మాత్రం గట్టిగానే వస్తుంది.

కొందరిది ఎంసెట్ అప్లికేషన్ కోసం నెట్ సెంటర్ అన్న అప్పటికప్పుడు క్రియేట్ చేసి ఇచ్చిన ఐడీ. పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు. ఇంకొందరిది బీటెక్‌లో చేరినప్పుడు కాలేజీ ఇచ్చిన ఐడీ. మరికొందరిది మొదటి ఉద్యోగంలో కంపెనీ ఇచ్చింది. 'పాతది పోతే పోయిందిలే, కొత్త జీమెయిల్ ఉందిగా' అనుకుంటాం. కానీ ఆ పాత ఐడీ మీదే విండోస్ ల్యాప్‌టాప్, గిట్‌హబ్, లింక్డ్‌ఇన్, ఇన్‌స్టా, కోర్సుల సర్టిఫికెట్లు అన్నీ వేలాడుతుంటాయి. 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కిన ప్రతిసారీ కోడ్ వెళ్లేది ఆ పాత మెయిల్‌కే.

ఒక్క మాటలో చెప్పాలంటే, పాత మెయిల్ ఇంకా తెరుచుకుంటున్నప్పుడు ఇది అరగంట పని. అది మూతపడ్డాక నెల రోజుల పని. ఒక్కోసారి ఎంత తిరిగినా కాని పని.

మెయిల్ ఎందుకు పోతుంది?

మనం డిలీట్ చేస్తేనే మెయిల్ పోతుందనుకుంటాం. నిజానికి మనం ఏమీ చేయకపోయినా పోతుంది.

కాలేజీ మెయిల్‌నే తీసుకోండి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావరకు గూగుల్ వర్క్‌స్పేస్ వాడతాయి. ఒకప్పుడు విద్యాసంస్థలకు గూగుల్ లెక్కలేనంత స్టోరేజీ ఇచ్చేది. 2021లో ఆ పద్ధతి మార్చేస్తున్నట్టు ప్రకటించి, 2022 జులై నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ అని పరిమితి పెట్టింది. ఏళ్ల తరబడి పాసై వెళ్లిపోయిన విద్యార్థుల అకౌంట్లు, వాళ్ల డ్రైవ్‌లో సినిమాలు అలాగే ఉంచితే కొత్త బ్యాచ్‌కి చోటెక్కడ? అందుకే పాత ఐడీలను తీసేసే కాలేజీలు ఎక్కువయ్యాయి. కంపెనీ మెయిల్ సంగతి చెప్పనక్కర్లేదు. లాస్ట్ వర్కింగ్ డే సాయంత్రానికే తలుపు మూసేస్తారు.

సొంత మెయిల్ అయినా వాడకపోతే ఉండదు. వరసగా రెండేళ్లు వాడని పర్సనల్ గూగుల్ అకౌంట్లను తొలగించే విధానం 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. అకౌంట్ పోతే జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నీ దాంతోపాటే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి కూడా రెండేళ్లలో కనీసం ఒక్కసారైనా లాగిన్ అవ్వాలి. యాహూ అయితే ఏడాది పాటు తెరవని మెయిల్ బాక్స్‌ని ఖాళీ చేసేస్తుంది.

48 అంకెలు... 30 రోజులు

మా పిన్ని కొడుకు గుంటూరు దగ్గర బీటెక్ చేశాడు. ఫస్టియర్లో ల్యాప్‌టాప్ కొన్నప్పుడు, చేతిలో కాలేజీ మెయిల్ ఉంది కదా అని దాంతోనే మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచాడు. పాసయ్యాక కొన్నాళ్లకి కాలేజీ ఆ ఐడీలు మూసేసింది. వాడికి ఆ విషయం తెలుసు కూడా. ల్యాప్‌టాప్ పిన్‌తో తెరుచుకుంటూనే ఉంది కాబట్టి పట్టించుకోలేదు.

ఒకరోజు ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదని రిపేర్ షాపులో ఇచ్చాడు. మదర్‌బోర్డు మార్చారు. ఆన్ చేస్తే నీలం స్క్రీన్. బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టమంటోంది. వాడు వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఇదేదో 48 అంకెల కీ అడుగుతోంది. ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుందంటున్నాడు షాపతను. కొట్టేయమననా?"

"ఆగరా! అస్సలు ముట్టుకోవద్దని చెప్పు. అందులో ఏమున్నాయి?"

"ప్రాజెక్టుదేమీ లేదులే. అమ్మ పాత ఫోన్ పాడైనప్పుడు ఫొటోలన్నీ ఇందులోనే వేశాను. తాతయ్యవి."

తాతయ్య చివరి రెండేళ్ల ఫొటోలు, వీడియోలు ఇంకెక్కడా లేవు.

అసలు ఇక్కడ జరిగిందేంటంటే... కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్క్‌లోని డేటాని ఎన్‌క్రిప్ట్ చేసేస్తాయి. దొంగ చేతికి ల్యాప్‌టాప్ చిక్కినా లోపలివి చదవలేకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. తాళంచెవి మదర్‌బోర్డులోని సెక్యూరిటీ చిప్ దగ్గర ఉంటుంది కాబట్టి రోజూ మనకు ఏమీ తెలియదు. బోర్డు మారినా, ఒక్కోసారి బయోస్ అప్‌డేట్ అయినా చిప్‌కి అనుమానం వస్తుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ముందే మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. అది లేకుండా డేటా తెరవడం షాపువాళ్ల వల్ల కాదు, మైక్రోసాఫ్ట్ వల్ల కూడా కాదు.

వాడికి పాస్‌వర్డ్ గుర్తుంది. ఫోన్లో మైక్రోసాఫ్ట్ సైట్‌కి వెళ్లి లాగిన్ అయ్యాడు. కీ చూపించే పేజీకి వెళ్లగానే 'మీరేనని నిర్ధారించుకోవాలి, కోడ్ పంపుతాం' అంది. ఎక్కడికి? చుక్కల మధ్య సగం సగం కనిపిస్తున్న ఆ కాలేజీ మెయిల్‌కే. ఫోన్ నంబర్ ఎప్పుడూ ఇవ్వలేదు.

మిగిలింది ఒక్కటే దారి. 'ఇవేవీ నా దగ్గర లేవు' అనే ఆప్షన్ నొక్కి, కొత్త జీమెయిల్ ఇచ్చాడు. అకౌంట్‌లో ఉన్న సెక్యూరిటీ వివరాలన్నీ ఒకేసారి మార్చమంటే మైక్రోసాఫ్ట్ 30 రోజులు ఆగమంటుంది. ఇది వేధింపు కాదు. ఇదే పని ఓ దొంగ చేస్తే? అసలు ఓనర్‌కి పాత అడ్రస్‌లో సమాచారం చేరి, ఆపేయడానికి ఆ నెల రోజులు గడువన్నమాట.

ఆ నెలంతా ల్యాప్‌టాప్ బీరువాలోనే ఉంది. పిన్ని రెండు రోజులకోసారి "ఏరా, ఫొటోలు వచ్చాయా?" అని అడగడం, వీడు తేదీలు లెక్కపెట్టడం. గడువు అయ్యాక కీ పేజీ తెరుచుకుంది. నీలం స్క్రీన్ మీదున్న కీ ఐడీలోని మొదటి 8 అక్షరాలతో సరిచూసుకుని, 48 అంకెలూ కొట్టాడు. తాతయ్య ఫొటోలు వచ్చాయి.

వాడిని గట్టెక్కించినవి రెండు. పాస్‌వర్డ్ గుర్తుండటం, షాపులో ఫార్మాట్ కొట్టించకపోవడం. ఈ రెంటిలో ఏ ఒక్కటి తప్పినా అంతే సంగతులు.

మెయిల్ బాక్స్ వేరు, అకౌంట్ వేరు

ఇక్కడ చాలామంది కంగారు పడే విషయం ఒకటుంది. మెయిల్ పోయిందంటే దాంతో తెరిచిన అకౌంట్లన్నీ పోయినట్టే అనుకుంటారు. అలా కాదు.

ఒక సైట్‌లో మన మెయిల్ ఐడీ రెండు పనులు చేస్తుంది. ఒకటి, లాగిన్ అయ్యేటప్పుడు మన పేరుగా పనికొస్తుంది. రెండు, కోడ్‌లు, రీసెట్ లింకులు అందుకునే చిరునామా అవుతుంది. మెయిల్ బాక్స్ మూతపడితే పోయేది రెండో పని. మొదటిది ఉంటుంది. పాస్‌వర్డ్ తెలిస్తే, చచ్చిపోయిన మెయిల్ ఐడీతో కూడా గిట్‌హబ్‌లోకో లింక్డ్‌ఇన్‌లోకో వెళ్లగలిగే అవకాశం ఉంది. ఫోన్లో ఆ యాప్ ఇప్పటికే లాగిన్ అయి ఉంటే ఇంకా మంచిది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి కొత్త మెయిల్ జత చేసేయొచ్చు.

కాబట్టి పాత మెయిల్ పోయిందని తెలిసిన వెంటనే పాటించాల్సిన మొదటి సూత్రం... ఎక్కడా లాగౌట్ అవ్వొద్దు. ఫోన్ రీసెట్ చేయొద్దు. పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయొద్దు. బ్రౌజర్ హిస్టరీ, కుకీలు క్లియర్ చేయొద్దు. లాగిన్ అయి ఉన్న ఆ ఒక్క డివైసే మీకున్న పెద్ద ఆధారం.

దీనికి ఒక మినహాయింపు ఉంది. 'సైన్ ఇన్ విత్ గూగుల్' బటన్‌తో చేరిన సైట్లకు విడిగా పాస్‌వర్డ్ ఉండదు. కాలేజీ గూగుల్ అకౌంట్ పోతే ఆ బటన్ పనిచేయదు. ఇలాంటి వాటికి ముందే సొంత మెయిల్ జతచేసి, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి.

ఇంకా తెరుచుకుంటుంటే... ఈ రాత్రికే

పాత మెయిల్ ఇంకా పనిచేస్తుంటే మీరు అదృష్టవంతులు. పని ఈ వరసలో చేయండి.

ముందు లెక్క తేల్చుకోండి. పాత ఇన్‌బాక్స్‌లో వెల్‌కమ్, వెరిఫై, రీసెట్, ఇన్‌వాయిస్ అనే మాటల్ని ఇంగ్లిష్‌లో సెర్చ్ చేస్తే ఎక్కడెక్కడ అకౌంట్ తెరిచారో సగం బయటపడుతుంది. మిగతా సగం క్రోమ్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల లిస్టులో దొరుకుతుంది. ఏ సైట్‌కి ఏ ఐడీ వాడారో అక్కడ కనిపిస్తుంది.

తర్వాత ముఖ్యమైనవి ముందు మార్చండి. ల్యాప్‌టాప్ నడిచే అకౌంట్, బ్యాంకు, డీమ్యాట్, పీఎఫ్, ఇన్‌కమ్ ట్యాక్స్ వరసలో ముందుండాలి. ఆ తర్వాత ఉద్యోగానికి సంబంధించినవి. రీల్స్, షాపింగ్ చివర్లో చూసుకోవచ్చు.

కొత్తది జత చేసి, వెరిఫై అయ్యాకే పాతది తీయండి. మైక్రోసాఫ్ట్‌లో దీన్ని అలియాస్ అంటారు. కొత్త మెయిల్‌ని అలియాస్‌గా చేర్చి, దాన్నే ప్రైమరీ చేసుకోవచ్చు. అకౌంట్ అదే, లోపలి ఫైళ్లు అవే, పేరు మాత్రమే మారుతుంది. సెక్యూరిటీ పేజీలో ఫోన్ నంబర్ కూడా ఇవ్వడం మర్చిపోవద్దు.

కోడింగ్ చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. గిట్‌హబ్‌లో కమిట్లు మెయిల్ ఐడీని బట్టే మీ ప్రొఫైల్‌కి చేరతాయి. కాలేజీ ఐడీని పూర్తిగా తీసేస్తే, దాంతో చేసిన కమిట్లు మీ పేరు మీద కనిపించవు. రిక్రూటర్ చూసే ఆ పచ్చ గళ్లు ఖాళీ అయిపోతాయి. అందుకని పాత ఐడీని లిస్టులో ఉంచి, కొత్తదాన్ని ప్రైమరీ చేయండి. పాస్‌వర్డ్ రీసెట్ ప్రైమరీ మెయిల్‌కే వెళ్లేలా సెట్టింగ్ పెట్టుకోండి.

డ్రైవ్‌లోని నోట్సు, ప్రాజెక్టు ఫైళ్లను గూగుల్ టేకౌట్‌తో దింపుకోవచ్చు. చివరగా ఒక పరీక్ష. ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, కొత్త మెయిల్‌తో ఒక్కసారి లాగిన్ అయి చూడండి. అది జరిగితేనే పని పూర్తయినట్టు.

పోయాక తెలిసిందా?

కాలేజీ లేదా కంపెనీ మెయిల్ అయితే ఆలస్యం చేయకుండా అడ్మిన్‌కి రాయండి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో డిలీట్ చేసిన యూజర్‌ని అడ్మిన్ 20 రోజుల్లోపు తిరిగి తేగలరు. మైక్రోసాఫ్ట్ 365 అయితే ఆ గడువు 30 రోజులు. 'ఒక్క రోజు తెరవండి సార్, కోడ్‌లు తీసుకుని మార్చుకుంటా' అని మర్యాదగా అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. గడువు దాటాక వాళ్ల చేతిలో కూడా ఏమీ ఉండదు.

సొంత జీమెయిల్ అకౌంట్‌లోకి వెళ్లలేకపోతే గూగుల్ రికవరీ పేజీ ఉంది. దాన్ని మీరు ఎప్పుడూ వాడే ఫోన్‌లో, ఎప్పుడూ వాడే బ్రౌజర్‌లో, ఇంటి వై-ఫైలో నుంచే ప్రయత్నించండి. ఫ్రెండ్ ఫోన్‌లోంచి, ఊరు మారి ప్రయత్నిస్తే మీరేనని నమ్మడం దానికి కష్టం. పాత పాస్‌వర్డ్ అడిగితే గుర్తున్న చివరిది ఇవ్వండి. తెలియదని దాటేయకుండా దగ్గరగా ఉన్నదైనా ఇవ్వడం మేలు.

మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ కూడా మర్చిపోతే అకౌంట్ రికవరీ ఫారం ఉంటుంది. పాత పాస్‌వర్డ్‌లు, ఈమధ్య పంపిన మెయిల్స్ సబ్జెక్టులు లాంటివి అడుగుతారు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఉన్న అకౌంట్‌కి ఈ ఫారం పనిచేయదు. అలాగని టూ స్టెప్ ఆపేయొద్దు. దాంతోపాటు ఇచ్చే రికవరీ కోడ్‌ని దాచుకోండి చాలు.

లింక్డ్‌ఇన్‌లో ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపించి అకౌంట్ తిరిగి పొందే దారి ఉంది. ఇన్‌స్టాలో మీ ఫొటోలున్న అకౌంట్ అయితే వీడియో సెల్ఫీ అడగొచ్చు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో పాన్ నంబరే యూజర్ ఐడీ. ఆధార్ ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. అంటే అక్కడ మెయిల్ కంటే ఆధార్‌కి లింకైన మొబైల్ నంబర్ ముఖ్యం.

పాత ఐడీ ఇంకొకరికి వెళ్తే?

'ఎవరూ వాడని మెయిల్ ఉంటే ఏంటి, పోతే ఏంటి' అనుకోవద్దు. 2013లో యాహూ ఏడాదిగా వాడని ఐడీలను కొత్తవాళ్లకు ఇచ్చింది. అలా తీసుకున్న కొందరి ఇన్‌బాక్స్‌లోకి పాత ఓనర్ల వ్యక్తిగత మెయిల్స్ వచ్చి పడ్డాయి. గూగుల్ మాత్రం డిలీట్ అయిన జీమెయిల్ పేరుని మళ్లీ ఎవరికీ ఇవ్వదు.

మూతపడ్డ స్టార్టప్‌లతో ఇంకో ముప్పుంది. కంపెనీ పోయాక డొమైన్ రెన్యూ చేయకపోతే ఎవరైనా దాన్ని కొనుక్కోవచ్చు. కొన్నవాళ్లు మీ పాత ఐడీనే మళ్లీ క్రియేట్ చేసి, 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కితే లింకు వాళ్లకే వెళ్తుంది.

మొబైల్ నంబర్‌కీ ఇదే వర్తిస్తుంది. రీఛార్జ్ లేక డీయాక్టివేట్ అయిన నంబర్‌ని 90 రోజుల దాకా ఇంకొకరికి కేటాయించరని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఆ తర్వాత అది ఎవరి సిమ్‌లోనైనా ఉండొచ్చు. మీ ఓటీపీలు వాళ్లకే. నంబర్ మార్చినప్పుడు దానికి లింకైన వాట్సాప్, బ్యాంకు, ఆధార్ ముందు మార్చి, తర్వాతే సిమ్ వదిలేయండి.

'రికవరీ చేయిస్తాం' అనేవాళ్లు

అకౌంట్ పోయిన కంగారులో మనం సెర్చ్ చేసేది కస్టమర్ కేర్ నంబర్. మోసగాళ్లు కాచుక్కూర్చునేదీ అక్కడే. రెండు వేలిస్తే గంటలో తెప్పిస్తాం, ఈ యాప్ వేసుకోండి, స్క్రీన్ షేర్ చేయండి, ఓటీపీ చెప్పండి... ఇలా మొదలవుతుంది. టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టా కామెంట్లలో 'ఫలానా అన్న నా అకౌంట్ తెప్పించాడు' అని రాసేవాళ్లూ ఇదే బ్యాచ్. గూగుల్ అకౌంట్ రికవరీకి డబ్బులు తీసుకోదు. అధికారిక పేజీలో కానిది బయటివాళ్ల వల్ల అవ్వదు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

కాగితాన్ని మించింది లేదు

సాఫ్ట్‌వేర్ వాడిని అయ్యుండి ఇలా చెబుతున్నానేంటి అనుకోకండి. చివరికి ఆదుకునేది కాగితమే.

చాలామంది మొదటి మెయిల్‌కి రికవరీగా రెండోది, రెండోదానికి మొదటిది పెట్టుకుంటారు. పాస్‌వర్డ్‌లన్నీ సేవ్ చేసిన చోటికి వెళ్లాలన్నా అదే మెయిల్ కావాలి. రెండు బీరువాలకు తాళం వేసి, దీని తాళంచెవి దాంట్లో, దాని తాళంచెవి దీంట్లో పెట్టినట్టు. ఫోన్ పోయిన రోజు రెండూ తెరుచుకోవు.

అందుకే కొన్ని కోడ్‌లు బయట ఉండాలి. గూగుల్‌లో టూ స్టెప్ ఆన్ చేశాక 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. ఒక్కోదాంట్లో 8 అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ 25 అక్షరాల రికవరీ కోడ్ ఇస్తుంది. బిట్‌లాకర్‌ది 48 అంకెల కీ. గిట్‌హబ్‌కీ విడిగా రికవరీ కోడ్‌లుంటాయి. వీటిని ప్రింట్ తీసో, చేత్తో రాసో టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు ఉన్న ఫైల్లో పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో దాచడం మాత్రం వద్దు. ఫోన్‌తోపాటే పోతుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరవండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో యువర్ ఇన్ఫో. అక్కడ కనిపిస్తున్న మెయిల్‌ని ఫోన్లో తెరవగలుగుతున్నారా? అదే అకౌంట్ సైట్‌లో డివైసెస్ అనే చోట మీ ల్యాప్‌టాప్ పేరు కింద రికవరీ కీ ఉందా? ఉంటే కాగితం మీద రాసుకోండి. తర్వాత అమ్మానాన్నల ఫోన్లు చూడండి. వాళ్లకు కొత్త ఫోన్ కొన్నప్పుడు హడావుడిగా మీ పాత ఐడీ పెట్టి సెటప్ చేసి ఉంటారు. వాళ్ల కాంటాక్ట్స్, ఫొటోలు అన్నీ దాని మీదే ఉంటాయి. వాళ్ల పేరుతో ఒక ఐడీ, రికవరీగా మీ నంబర్. పది నిమిషాల పని. ఈ ఆదివారం ఇంటికెళ్లినప్పుడు చేసిపెట్టండి.